ఆడవాళ్ళ పేర్లున్న గూళ్ళు

చోమా, 9 జనవరి 1993

లుయాండోకి, మామ జెరెమియా రాస్తున్నాను.

మీ అమ్మ బాగుంది. మోకాలి నొప్పి వానలకి కాస్త ఎక్కువైంది. మంగళవారం పట్టిన వాన ఇవాళ ఉదయం ఎనిమిదింటికి ఆగింది. ఎర్రావు ఈనింది, పెయ్యదూడ.

పిట్టల డాక్టరమ్మ మళ్ళీ వచ్చింది. గూళ్ళు వెతికే పని ఈ ఏడు కూడా నాకే ఇచ్చింది. గడ్డిలో మోకాలెత్తున గూడు కట్టే బూడిదరంగు పిట్ట నీకు తెలిసిందే. దాని సంగతి ఒకటి రాస్తాను. ఏ పిట్ట గుడ్డు దానిదే. ఒకదానిది నీలం మీద ఎర్రగీతలు, ఇంకోదానిది తెలుపు మీద గోధుమ చుక్కలు. తన గీతలు తనకి గుర్తుంటాయి. పసుపు పిట్ట ఒకటుంది, అది గూడు కట్టదు. ఇది లేనప్పుడు వచ్చి దీని గూట్లో గుడ్డు పెట్టి పోతుంది. తనది కాదని కనిపెడితే ఇది ముక్కుతో పొడిచి బయట పారేస్తుంది. కనిపెట్టకపోతే పరాయి పిల్లని పెంచుతుంది, సొంత పిల్లలు తిండి అందక చస్తాయి. ఆ కనిపెట్టడం ఎలా జరుగుతుందన్నది డాక్టరమ్మకి కావాలి. అందుకని ఒక పిట్ట గుడ్డు తీసి ఇంకో పిట్ట గూట్లో పెడతాం. నాలుగు రోజులు చూస్తాం. రాసుకుంటాం.

డాక్టరమ్మ గూళ్ళకి అంకెలు వేస్తుంది. అంకెలు నా బుర్రలో నిలవవు. అందుకని ఏ ఆడమనిషి చేలో గూడుంటే ఆ పిట్టకి ఆమె పేరే పెట్టి నా పుస్తకంలో రాసుకుంటున్నాను. మీ అమ్మ నీ కోసం ఉంచిన వేరుశెనగ చేను అంచున ఒక జంట తిరుగుతోంది. దానికి నీ పేరు పెట్టాను.

సియాకాంటు రోజూ వచ్చి ఎగతాళి చేస్తున్నాడు. వాడిది దుమ్ములగొండి వంశం కదా, మన మేక వంశాన్ని తిట్టడం వాడికి పుట్టుకతో వచ్చిన హక్కు. "ఒరే మేకా, ఊళ్ళో ఆడవాళ్ళందర్నీ పుస్తకంలోకి ఎక్కించావు. నీ పెళ్ళాం బతికుంటే చీపురు తిరగేసేది" అన్నాడు. 

మార్చిలో రా. కాన్పు మీ అమ్మ దగ్గరే కావాలి. బస్సు ఆగే చోటికి ఎడ్లబండి తెస్తాను.

మీ మామ
జెరెమియా హమలాంబో


మజబుకా, 21 జనవరి

మామయ్యా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఆవు గురించి, రెండోసారి పిట్ట గురించి. నేనెలా ఉన్నానని మీరు అడగలేదు. అడగరని తెలుసు కాబట్టి నేనే చెబుతున్నాను. ఆరో నెల నడుస్తోంది. మొదటి రెండుసార్లూ ఇంతదాకా రాలేదు. ఇక్కడ ఎవరితోనూ ఈ మాట పైకి అనను. మా అత్తగారు నా పొట్టని చూసి చూడనట్టు తిరుగుతుంది. దిష్టి అని భయం. ఓబెడ్ చెరకు మిల్లు నుంచి వచ్చి తలుపు దగ్గరే నిలబడి ముందు నా మొహం చూస్తాడు. మొహం మామూలుగా ఉంటే అప్పుడు బూట్లు విప్పుతాడు.

రోజూ పొద్దున లేవగానే కదలిక కోసం చూస్తాను. కదిలేదాకా మంచం దిగను.

ఇంతకీ నా పేరు పెట్టుకున్న పిట్ట ఎలా ఉంది? మంచిదేనా, నాలాగా గొంతు పెద్దదా? ఎన్ని గుడ్లు పెట్టిందో రాయండి. ఆ కబుర్లు వింటే మనసు కాస్త అటు మళ్ళుతుంది.

అమ్మకి మోకాలి మందు బస్సు డ్రైవరుతో పంపాను. అందిందో లేదో చెప్పండి.

మీ లుయాండో


చోమా, 8 ఫిబ్రవరి

లుయాండోకి,

మందు అందింది. మీ అమ్మ వాసన చూసి పక్కన పెట్టింది. మళ్ళీ గుర్తు చేస్తాను.

నువ్వు అడిగినవి పుస్తకం చూసి రాస్తున్నాను.

లుయాండో: మూడు గుడ్లు. తెలుపు మీద సన్నని నల్ల గీతలు, మంచి పనితనం. 24న ఒకటి మేము తీశాం. దాని బదులు పక్కచేలోని ఈడా పిట్ట గుడ్డు ఒకటి పెట్టాం. రెండో రోజే లుయాండో దాన్ని కనిపెట్టి పారేసింది. మిగిలిన రెండిట్లో ఒకటి చల్లబడిపోయింది. ఇంకొకటి 3వ తేదీన పాము తీసుకుపోయింది. గూడు ఖాళీ.

ఈడా: దీని గూట్లో ఆ పసుపు దొంగ పిట్ట గుడ్డు పెట్టింది, ఇది కనిపెట్టలేదు. దొంగపిల్ల పుట్టింది. ఈడావి రెండూ 5న చనిపోయాయి.

నీ పిట్ట తెలివైనది. డాక్టరమ్మ కూడా మెచ్చుకుంది.

దూడ పాలు బాగా తాగుతోంది.

మామ


మజబుకా, 22 ఫిబ్రవరి

మామయ్యా,

మన ఊరి నుంచి ఎండుచేపలు అమ్మడానికి వచ్చినావిడ నిన్న మా ఇంటికి వచ్చింది. మీ పక్కచేను మూంగా భార్య ఈడాకి కడుపు పోయిందని చెప్పింది. ఏడో నెలట. ఆరో తేదీనట. అంతకుముందు ఈడా ఉప్పు అడగడానికి మీ ఇంటికి వచ్చిందట, మీరు పెరట్లో ఉన్నారట, బల్ల మీద పుస్తకం తెరిచి ఉందట. అందులో తన పేరు చూసిందట. తన పేరు పక్కన "రెండూ చనిపోయాయి" అని ఉందట. తేదీ కూడా ఉందట. మర్నాడే ఆమెకి నొప్పులు వచ్చాయి. ఊళ్ళో అందరూ ఆ పుస్తకం గురించే మాట్లాడుకుంటున్నారట. ఆవిడ ఇదంతా చెబుతూ నా పొట్ట వైపు చూసింది. "నీ పేరు కూడా ఉందంటమ్మా" అంది.

ఉందని నాకు తెలుసు. మీ ఉత్తరం నా పెట్టెలోనే ఉంది. ఒకటి తీశాం. ఒకటి చల్లబడిపోయింది. గూడు ఖాళీ. ఆ రోజు నవ్వుకుంటూ చదివాను మామయ్యా. నిన్న మళ్ళీ తీసి చదివితే చేతులు చల్లబడ్డాయి.

పొద్దున కొంచెం రక్తం కనబడింది. ఆసుపత్రికి వెళ్ళాం. పడుకోమన్నారు. బిడ్డ కదులుతోంది, ఇది రాస్తున్నప్పుడు కూడా.

మా అత్తగారు ఆ ఉత్తరం ఓబెడ్ చేత చదివించుకుంది. నేను అక్కడికి రావడానికి వీల్లేదంటోంది. ఓబెడ్ మాత్రం, "మీ మామకి మాట్లాడటం రాదు, అంతే. చెడ్డవాడు కాదు" అన్నాడు. అతను మిమ్మల్ని చూసింది ఒక్కసారే, మా పెళ్ళిలో. ఆ రోజూ మీరు ఏమీ మాట్లాడలేదు.

నా పేరు కొట్టెయ్యండి మామయ్యా. దయచేసి.

లుయాండో


చోమా, 27 ఫిబ్రవరి

లుయాండోకి,

నీ ఉత్తరం కోసం చూస్తున్నాను. వాగు పొంగింది. దుకాణం దగ్గరున్న ఉత్తరాల పెట్టె దాకా వెళ్ళడానికి దారి లేదు. ఈ కాగితం ట్రాక్టరు మీద పట్నం వెళ్ళే మనిషికి ఇస్తున్నాను.

ఇక్కడ కొంచెం బాగాలేదు. వివరాలు రాయను. నిన్న ఎవరో దొడ్డి తలుపు తీసి ఆవుల్ని తోలేశారు. నాలుగు దొరికాయి. మీ అమ్మ నీళ్ళకి వెళితే బోరింగు దగ్గర ఆడవాళ్ళు పక్కకి జరిగారట. సియాకాంటు మాత్రం వస్తున్నాడు. అయితే తిట్టడం మానేశాడు. వాడు తిట్టకపోతే నాకు భయం వేస్తోంది. డాక్టరమ్మ కాగితాల పని మీద రాజధానికి వెళ్ళింది, ఎప్పుడు వస్తుందో తెలియదు.

నీ పిట్ట పాత గూటికి పది అడుగుల దూరంలో మళ్ళీ కట్టింది. రెండు పెట్టింది. దొంగ పిట్ట ఒకటి ఎత్తుకుపోయింది. ఇప్పుడు ఒక్కటే ఉంది.

నువ్వు త్వరగా రా. ఆలస్యం చెయ్యొద్దు.

మామ


మజబుకా, 6 మార్చి

మామయ్యా,

ఇప్పుడు ఒక్కటే ఉంది అని రాశారు. త్వరగా రా అని రాశారు. నా పేరు కొట్టెయ్యమని నేను బతిమాలితే మీరు ఇచ్చిన జవాబు ఇదా?

నేను రాను.

నాకు చీకటంటే ఎప్పుడూ భయం లేదు. ఇప్పుడు పట్టపగలు భయం వేస్తోంది. పెరట్లో పిట్ట అరిస్తే లోపలికి వచ్చి తలుపు వేసుకుంటున్నాను. మా అత్తగారు ఎవర్నో తీసుకొచ్చింది. అతను నా మొలకి ఏదో కట్టాడు. వద్దనలేదు. స్కూల్లో ఏడు తరగతులు చదివాను, అయినా వద్దనలేదు.

నాన్న పోయాక నా ఫీజు కట్టింది మీరు. జ్వరం వస్తే భుజాన వేసుకుని మిషను ఆసుపత్రి దాకా నడిచింది మీరు. అదంతా నాకు గుర్తుంది. గుర్తుండి కూడా అడుగుతున్నాను. ఒక్క మాట రాయండి. నాకు గానీ ఈడాకి గానీ మీరు ఏమైనా చేశారా?

అడిగినందుకు సిగ్గుగా ఉంది. అడగకుండా ఉండలేకపోతున్నాను.

లుయాండో


చోమా, 23 మార్చి

లుయాండో,

నీ రెండు ఉత్తరాలూ పన్నెండో తేదీన ఒకేసారి అందాయి. వాగు తగ్గాక వెళ్ళి తెచ్చుకున్నాను. 27న నేను రాసినప్పుడు నీ మొదటి ఉత్తరం నాకు చేరలేదు. తేదీలు చూసుకో.

నీ ప్రశ్నకి ముందు జవాబు రాస్తాను. నేను ఏమీ చెయ్యలేదు. నీకూ చెయ్యలేదు, ఈడాకీ చెయ్యలేదు. త్వరగా రమ్మన్నది మీ అమ్మ ఇంట్లో ఒంటరిగా భయపడుతోందని, నువ్వు దగ్గరుంటే నాకూ ధైర్యంగా ఉంటుందని. అలా రాయడం నాకు చేతకాలేదు.

ఇక్కడ జరిగింది రాస్తాను. పద్నాలుగో తేదీన ఊరిపెద్ద హంటూబా తన వాకిట్లో అందర్నీ పిలిపించాడు. ఆడవాళ్ళు చాపల మీద, మగవాళ్ళు ముక్కాలిపీటల మీద. మూంగా లేచి, "ఆ పుస్తకం చదవమనండి. నా పెళ్ళాం పేరు పక్కన ఏం రాశాడో అందరూ వినాలి. ఇంతమంది ఆడవాళ్ళ పేర్లతో ఇతనికి పనేంటి?" అన్నాడు. నలుగురిలో మాట్లాడటం నావల్ల కాదు. చదవమంటే చదవగలను. మొదటి పేజీ నుంచి చదివాను. పేరు వచ్చినప్పుడల్లా ఆ పేరు గల మనిషి తలెత్తి చూసింది.  ఈడా పేరు దగ్గర ఆగాను. నీళ్ళు తాగి అది కూడా చదివాను.

తర్వాతది హంటూబా భార్య పేరున్న పిట్టది. "ముసలిది. చూపు లేదు. ఏ గుడ్డు పెట్టినా పొదుగుతుంది" అని ఉంది. చదవక తప్పలేదు.

సియాకాంటు లేచాడు. "అది మాత్రం అబద్ధం కాదు పెద్దాయనా. నిన్ను ఇన్నేళ్ళు పొదిగింది కదా!" అన్నాడు. ముందు ఆవిడే నవ్వింది, తర్వాత అందరూ. వాడు నా వైపు తిరిగి, "ఈ మేక మొహం చూడండి. చేతబడి చెయ్యాలంటే తెలివి ఉండాలి. వీడు మంత్రగాడైతే నేను బిషప్పుని. ఎవడైనా తను చేసిన పాపం తేదీ వేసి మరీ రాసుకుని బల్ల మీద తెరిచి పెడతాడా?" అన్నాడు. వాడి తిట్లు విన్నాకే నాకు ఊపిరి ఆడింది.

ఈడా నవ్వలేదు. లేచి నా వైపు తిరిగింది. చాలా చిక్కిపోయింది. "పుస్తకంలో ఏదైనా రాసుకోవచ్చు. నాకు కళ్ళారా చూపించు పెద్దయ్యా. గుడ్డు నేనే తీస్తాను, నేనే పెడతాను. నీ చెయ్యి తగలకూడదు" అంది. హంటూబా సరేనన్నాడు. "మూడు రోజుల్లో పిట్ట దాన్ని పారేస్తే నీ మాట నిజం. పారెయ్యకపోతే నువ్వు ఈ ఊరు విడిచి వెళ్ళు, జెరెమియా" అన్నాడు.

పది పిట్టల్లో మూడు మోసపోతాయి. ఆ లెక్క కూడా పుస్తకంలో ఉంది. చెబుదామనుకున్నాను. చెప్పలేదు.

ఆ పనికి పెద్దాయన తమ్ముడి చేలో ఉన్న గూడు చూశారు. ఈడా వేరే గూట్లోంచి గుడ్డు ఎంచుకుంది. రెండూ నీలం గుడ్లే.  ఇంత దగ్గరగా ఉంటే నేనైనా తికమకపడతాను. మొదటి రోజు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఈడా, పెద్దాయన తమ్ముడు చెదలపుట్ట పక్కన కూర్చుని చూశారు. నేను వాళ్ళ వెనక కూర్చున్నాను. పిట్ట వచ్చింది, తల దూర్చి చూసింది, కూర్చుంది. అంతే. మూంగా, "బట్టలు సర్దుకో పెద్దయ్యా" అన్నాడు. మీ అమ్మతో చెప్పకుండా నిజంగానే సర్దుకున్నాను. రెండు చొక్కాలు, దుప్పటి. పుస్తకం పెద్దాయన దగ్గర ఉండిపోయింది.

రెండో రోజు ఎండ నడినెత్తికి వచ్చే వేళకి పిట్ట బయటి నుంచి వచ్చింది. కూర్చోబోయి లేచింది. గూటి అంచున నిలబడి లోపలికి చూసింది. ఒకసారి కాదు, ఐదారుసార్లు. తర్వాత పొడిచింది. గుడ్డుని ముక్కుకి గుచ్చుకుని బయటికి తెచ్చి, ఈడా కూర్చున్న చోటికి నాలుగు అడుగుల దూరంలో పడేసి వెళ్ళిపోయింది. ఈడా వెళ్ళి పెంకు తీసి చూసింది. తను పెట్టినదే.

పెద్దాయన తమ్ముడు నా భుజం తట్టాడు. ఈడా మాత్రం పెంకు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "సరే. ఇది పిట్ట చేసింది, నువ్వు కాదు. ఒప్పుకుంటాను. మరి నా బిడ్డ ఎందుకు పోయింది పెద్దయ్యా?" అంది.

తెలియదమ్మా అన్నాను.  మూంగా వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాడు. నన్నెవరూ ఊరు వదలమనలేదు. కానీ నేను బయటపడ్డానని ఇప్పటికీ అనుకోలేకపోతున్నాను.

ఇంకొకటి చెప్పాలి. చెప్పకపోతే నువ్వు అడిగిన దానికి సగం జవాబే అవుతుంది.

పన్నెండో తేదీన నీకు రక్తం కనబడిందన్న ముక్క దుకాణం మెట్ల మీద చదివాను. అక్కడి నుంచి ఇంటికి పోలేదు. నేరుగా నీ వేరుశెనగ చేలోకి పరిగెత్తాను. నాకు యాభై ఎనిమిదేళ్ళు, పరిగెత్తాను. గూట్లో ఆ ఒక్క గుడ్డు చిట్లి పిల్ల బయటికి వచ్చి ఉంది. బతికే ఉంది.  పిట్టకి పేరు పెడితే మనిషికి ఏదో అవుతుందని నేను నమ్మను. ఆ నిమిషం మాత్రం నమ్మాను. జనవరిలో ఆ గూట్లోంచి గుడ్డు తీసిన చెయ్యి నాది. ఏం చేశానో నాకే తెలియకుండా చేశానేమోనని నా చేతిని చూసుకున్నాను. నువ్వు సిగ్గుపడకు. నన్ను నేనే అనుమానించాను.

ఆ రోజు నుంచి ఆ గూటికి కాపలా ఉన్నాను. చుట్టూ ముళ్ళకంప వేశాను. పసుపు పిట్ట వస్తే రాయి విసిరాను. పామొకటి వస్తే చంపాను. మా పనిలో ఇది పెద్ద తప్పు. చూడాలి, రాయాలి, జరిగేదాన్ని జరగనివ్వాలి. నేను ఈడాతో ఉన్న రెండు రోజులూ సియాకాంటు కాపలా కాశాడు. "మేక పిట్టకి దుమ్ములగొండి కాపలానా! మా తాతలు వింటే సమాధుల్లోంచి లేచి తంతారు" అని తిట్టుకుంటూనే కూర్చున్నాడు.

డాక్టరమ్మ నిన్న వచ్చింది. నేను చేసిందంతా చెప్పాను. కోప్పడలేదు. ఆ గూడు ఇక లెక్కలోకి రాదని తన కాగితంలో ఆ వరస కొట్టేసింది.

పిల్ల నిన్న ఉదయం గూడు దిగింది. దానికి ఎగరడం రాదు, గడ్డిలోకి గెంతింది. తర్వాత ఏమైందో తెలియదు. తెలిసినట్టు రాయను.

పుస్తకంలో నీ పేరు లేదు. కొట్టెయ్యలేదు, కొడితే అది కూడా ఒక గీతే అవుతుందనిపించింది. పెద్దాయన ముందే ఆ పేజీ చింపి పొయ్యిలో వేశాను.

రమ్మని అడగను. నువ్వెలా ఉన్నావు?

జెరెమియా మామ


మజబుకా, 2 ఏప్రిల్

మామయ్యా,

ఇది ఎండుచేపలావిడ చేతికే ఇచ్చి పంపుతున్నాను. ఇన్ని కబుర్లు మోసింది కదా, ఇది కూడా మొయ్యనీ.

మీ ఉత్తరం మా అత్తగారికి నేనే చదివి వినిపించాను. మధ్యలో రెండుచోట్ల ఆపి మళ్ళీ చదవమంది.  తర్వాత, "ఆయన చేపలు తింటాడా?" అంది.

రేపు ఆసుపత్రిలో చేరమన్నారు. ఒంట్లో నీరు చేరింది. తల తిరుగుతోంది. నర్సు నా కాళ్ళు నొక్కి చూసి డాక్టరుతో మెల్లగా ఏదో చెప్పింది. అడిగితే ఏమీ లేదంది. ఏమీ లేదన్నప్పుడు వాళ్ళు మొహం తిప్పుకుంటారు.

మీరు చెయ్యలేదని నమ్ముతున్నాను. నమ్మినా భయం పోలేదు. భయం పోవాలంటే ఎవరో ఒకరు చేశారని ఉండాలేమో. ఈడా అడిగింది నాకు అర్థమైంది. అప్పటి నుంచి ఆమె మాటే తలలో తిరుగుతోంది.

మీరు రండి. అమ్మ మోకాలితో రాలేదు, మీరు రండి. ఆసుపత్రి వెనక బంధువులు వండుకునే పాక ఉంది, అక్కడ ఉండొచ్చు. ఈసారి కూడా ఏదైనా జరిగితే మీరు నా కళ్ళెదుట ఉండాలి. దూరంగా ఉంటే నేను మళ్ళీ మిమ్మల్నే తలుచుకుంటాను, మంచిగా కాదు. అది నాకు ఇష్టం లేదు.

లుయాండో


మజబుకా ఆసుపత్రి, 9 ఏప్రిల్, ఉదయం

లుయాండో,

నిన్న చేరుకున్నాను. మగవాళ్ళని లోపలికి రానివ్వరట. కొళాయి పక్కన బల్ల మీద కూర్చున్నాను. ఓబెడ్ మందులు తేవడానికి వెళ్ళాడు. మీ అత్తగారు నా పక్కనే ఉంది, చేప పెట్టింది, తిన్నాను.

తెల్లవారాక నిన్ను లోపలి గదిలోకి తీసుకెళ్ళారని చెప్పారు. తర్వాత ఎవరూ ఏమీ చెప్పలేదు. లోపల ముగ్గురో నలుగురో పిల్లలు ఏడుస్తున్నారు. ఏ ఏడుపు ఎవరిదో నాకు తెలియడం లేదు. మనది అందులో ఉందో లేదో తెలియడం లేదు. చెవులు రిక్కించి వింటున్నాను.

ఈ కాగితం ఇస్తానని ఊడ్చే ఆవిడ ఒప్పుకుంది. వెనకవైపు ఒక్క మాట రాయి. రాయలేకపోతే ఒక గీత గీసి పంపు.

మామ


(వెనకవైపు)

మామయ్యా,

అందరికంటే గట్టిగా అరుస్తున్నది మనది. ఆడపిల్ల. చిన్నగా ఉంది, వెచ్చగా ఉంది. పడుకుని రాస్తున్నాను, అక్షరాలు చూసి కంగారుపడకండి.

అవతలి వైపు మూడో కిటికీ. అక్కడికి రండి, ఎత్తి చూపిస్తాను, ముట్టుకుందురుగాని.

చేతులు కడుక్కుని రండి.

లుయాండో